కమిటీలోకి రమ్మంటున్నారు, వెళ్ళనా మేడమ్?

ప్రశ్న: మేడమ్, నేను కావలిలో గైనకాలజిస్టుని. నాలుగేళ్ల కిందట మా ఆయనా నేనూ కలిసి 15 పడకల ఆసుపత్రి పెట్టుకున్నాం. ఆయన మత్తు డాక్టరు. మా డాక్టర్ల సంఘం ఐఎంఏలో (ఇండియన్ మెడికల్ అసోసియేషన్) లైఫ్ మెంబర్ని గానీ డాక్టర్స్ డే నాడు తప్ప ఆ వైపు పోయింది లేదు. మొన్న సెక్రటరీ గారు ఫోన్ చేసి, "ఈసారి చిన్నవాళ్లు ముందుకు రావాలమ్మా. సైంటిఫిక్ కమిటీలో వేస్తాం, లేదంటే లేడీ డాక్టర్ల విభాగానికి కన్వీనరుగా ఉండండి" అన్నారు. రాత్రి తొమ్మిది దాకా ఓపీ, మధ్యలో కాన్పులు, ఇంట్లో అయిదేళ్ల పాప. "అవన్నీ పని లేని మగ డాక్టర్లకమ్మా" అని మా అత్తగారి మాట. సంఘంలో రెండు వర్గాలున్నాయి, ఒకరి వైపు కనపడితే ఇంకొకరికి దూరమవుతామని మా ఆయన భయం. నాకేమో స్టేజీ ఎక్కితే నోరు పెగలదు. ఇంకో సంగతి. కిందటి నెల వింజమూరు వైపు నుంచి ఒక గర్భిణిని ఫిట్స్‌తో తీసుకొచ్చారు. చేతిలో ఒక్క కాగితం లేదు. ముందు చూసినవాళ్లు ఏ ఇంజక్షన్ ఇచ్చారో చెప్పేవాళ్లు లేరు. ఇలాంటివి ఎవరికి చెప్పుకోవాలో కూడా తెలియదు. కమిటీకి ఒప్పుకోమంటారా, వద్దంటారా? – ఒక పాఠకురాలు, కావలి

సమాధానం: సెక్రటరీ గారి ఫోను గురించి అంత రాసి, ఆ ఫిట్స్ అమ్మాయి గురించి "ఇంకో సంగతి" అని చివర్లో తోసేశారు. నేను ఉత్తరాన్ని కింద నుంచి పైకి చదువుతున్నాను, ఏమనుకోకండి.

అయినా ముందు మీ అత్తగారి మాట తేల్చేద్దాం. ఆమె అన్నదాంట్లో సగం నిజం. నేను ప్రాక్టీసు మొదలుపెట్టింది ఒక చిన్న ఊళ్లో. ఊరి పేరు చెప్పను, ఆ పెద్దమనుషుల్లో ఒకరిద్దరు ఇంకా ఈ పేజీ చదువుతారు. అక్కడి వైద్యుల సంఘం నన్ను మొదటిసారి కమిటీలో వేసినప్పుడు నాకిచ్చిన పని రెండు ముక్కలు: ప్రార్థన పాడటం, ముఖ్య అతిథికి బొకే అందించడం. మూడేళ్లు అందించా. మూడో ఏడు ఒక సాయంత్రం కాన్పు గదిలోంచి నేరుగా సభకి వెళితే కొంగు మీద అరచెయ్యంత బెటాడిన్ మరక. "ఈ చీరతో స్టేజీ మీదకి ఎట్టా మేడమ్?" అన్నాడు మా కోశాధికారి. "అయితే ఆ లెక్కల పుస్తకం ఇటివ్వండి, కింద కూర్చుని రాస్తా" అన్నా. నవ్వుతూనే ఇచ్చాడు. పుస్తకం తెరిస్తే ఏడు నెలలుగా ఒక్క పద్దు ఎక్కలేదు. ఆ రోజు నుంచి ముప్పై ఏళ్లు ఏదో ఒక కమిటీలో ఉన్నాను, బొకే మాత్రం మళ్లీ పట్టుకోలేదు.

అందుకే లేడీ డాక్టర్ల విభాగం కన్వీనరు అనగానే నాకు కాస్త అనుమానం. ఆ విభాగానికి పని లేదని కాదు, బోలెడుంది. 2024 ఆగస్టు 9న కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న డాక్టరమ్మాయిని అత్యాచారం చేసి చంపేశారని తెలిశాక, 17న ఐఎంఏ దేశమంతా 24 గంటలు అత్యవసరం కాని సేవలు ఆపింది. ఆ తర్వాత మన ఊళ్లలో ఎన్ని నర్సింగ్ హోముల్లో రాత్రి డ్యూటీ గదికి లోపలి గడియ ఉంది, ఎన్నింట్లో సిస్టర్లకి విడిగా బాత్రూము ఉంది అని ఇల్లిల్లూ తిరిగి చూడాల్సింది ఆ విభాగమే. ఆ పని చెయ్యనిస్తామంటే వెళ్ళండి. మార్చి 8న ముగ్గుల పోటీ, శాలువా, గ్రూపు ఫోటో అంటే మాత్రం దణ్ణం పెట్టేయండి. పైగా కన్వీనరు అంటే హాలు మాట్లాడటం దగ్గర్నుంచి భోజనం ప్లేట్లు లెక్కపెట్టేదాకా అంతా మీ నెత్తినే. అయిదేళ్ల పాప ఉన్న తల్లికి మొదటి ఏడాదే ఆ బరువు ఎందుకు?

శిబిరాల కమిటీ వాళ్లు కూడా అడుగుతారు చూడండి. లేడీ డాక్టర్ ఉంటే శిబిరానికి ఆడవాళ్లు వస్తారని. ఏడాదికి ఒకటి చాలు. నెల్లూరులో రొట్టెల పండగప్పుడు స్వర్ణాల చెరువు దగ్గర శిబిరంలో కూర్చున్నాను నేను. ఒకామె ఆరోగ్యం బాగుపడాలని ఆరోగ్య రొట్టె కోసం వచ్చింది, రొట్టె కొంగులో జాగ్రత్తగా కట్టుకుంది, బీపీ చూస్తే 200 పైన. మందు రాసిస్తే "రొట్టె పట్టుకున్నా గదమ్మా" అంది. మనసుకి బాగుంటుంది, కాదనను. కానీ ఆమెను మళ్లీ చూసింది లేదు.

నా ఓటు సైంటిఫిక్ కమిటీకి. అక్కడ పని ఏమిటో కూడా చెబుతా, లేకపోతే ఉపన్యాసాలు వినడమే అనుకుంటారు. మన రిజిస్ట్రేషన్ అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి, దానికి 30 క్రెడిట్ గంటలు చూపించాలి. ఆ గంటలు వచ్చేది సీఎంఈల నుంచి, అంటే డాక్టర్లు కొత్త సంగతులు నేర్చుకోవడానికి పెట్టుకునే క్లాసుల నుంచి. ముందుగా మెడికల్ కౌన్సిల్‌కి దరఖాస్తు పెట్టాలి, వక్తని పిలవాలి, హాజరు పట్టీ సరిగ్గా ఉండాలి. ఎవరో ఒకరు ఇవన్నీ కూర్చుని చెయ్యకపోతే, రెన్యువల్ ఏడాది రాగానే కావలి డాక్టర్లు గంటల కోసం నెల్లూరు, ఒంగోలు పరిగెత్తాలి. అంశం ఎంచుకునేది కూడా ఈ కమిటీయే. మన ఊళ్లో ఒక్కరి దగ్గర కూడా లేని యంత్రం గురించి గంటన్నర చెప్పించుకుంటామా, పాము కాటు, పురుగుల మందు, కాన్పు తర్వాత రక్తస్రావం గురించి చెప్పించుకుంటామా అన్నది మీ నలుగురి చేతిలో ఉంటుంది.

కంపెనీల వాళ్లు ఎక్కువగా తిరిగేది కూడా ఈ కమిటీ చుట్టూనే. హాలు మేమిస్తాం, భోజనం మేం పెడతాం, వక్తని కూడా మేమే తెస్తాం అంటారు. వక్తని వాళ్లు తెస్తే అంశం కూడా వాళ్లదే అవుతుంది. మన నైతిక నియమావళి 2002 నాటిది; కంపెనీల నుంచి డాక్టర్లు బహుమతులు, ప్రయాణ ఖర్చులు, ఆతిథ్యం తీసుకోరాదన్న నిబంధన 2009 డిసెంబరులో చేరింది. సంఘానికి ఇస్తే తప్పేముంది అని వాదించేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. నేను వాదించను. తలకి ఇంతని వేసుకుని ఇడ్లీ, సాంబారు తిని ఇంటికి పోదాం అంటాను. పీనాసి మేడమ్ అని పేరొచ్చింది, రానీ.

ఇప్పుడు మీ వింజమూరు అమ్మాయి దగ్గరకి వద్దాం. డాక్టర్లు కానివాళ్లు కూడా చదువుతారు కాబట్టి కాస్త విడమర్చి చెబుతా. గర్భిణికి బీపీ పెరిగి ఫిట్స్ వస్తే ఇచ్చే మందు మెగ్నీషియం సల్ఫేటు. ప్రిచర్డ్ పద్ధతిలో మొదటి విడతే 14 గ్రాములు: నాలుగు నరంలోకి నెమ్మదిగా, మిగతా పది చెరో పిరుదులో అయిదు చొప్పున. ఇచ్చారని తెలియక మళ్లీ అంతా ఎక్కిస్తే మొదట మోకాలి మీద తట్టినా కాలు ఎగరదు, తర్వాత ఊపిరి మందగిస్తుంది, విరుగుడుకి కాల్షియం గ్లూకోనేటు పట్టుకుని పరిగెత్తాలి. ఇచ్చి ఉంటారులే అని ఆగితే ఆ లోపు మళ్లీ ఫిట్స్ రావచ్చు. మధ్యలో నిలబడి మోకాలు తడుతూ, ఊపిరి లెక్కపెడుతూ, పంపినవాళ్ల ఫోన్ నంబరు ఎవరి దగ్గరన్నా ఉందా అని బంధువుల్ని బతిమాలుతూ ఉండే ఆ అరగంట ఎట్టా ఉంటుందో నాకు తెలుసమ్మా.

నాకొకసారి ఉదయగిరి వైపు నుంచి వచ్చిన పిల్ల అరచేతిలో బాల్‌పెన్నుతో రాసి ఉంది: "మెగ్ 8.40". మెగ్నీషియం ఎనిమిదీ నలభైకి ఇచ్చామని. అంతే. చెమటకి సున్నా సగం చెరిగిపోయింది. రాసిన సిస్టరమ్మ ఎవరో తెలియదు గానీ ఈనాటికీ తలుచుకుని దణ్ణం పెడతా. ఆ రెండు ముక్కలతో ఆ రాత్రి గడిచింది, తల్లీ బిడ్డా దక్కారు.

ఆ అరచేతి రాతని కాగితం మీదకి తేవడమే మీరు కమిటీలో పెట్టుకోవాల్సిన పని. ఒకే ఒక పేజీ చీటీ. పంపుతున్నది ఎక్కడ నుంచి, ఎన్నో నెల, బీపీ ఎంత, ఎన్ని గంటలకి చూశారు, ఏ మందు ఎంత ఏ దారిన ఎప్పుడిచ్చారు, మూత్రం ఎంత వచ్చింది, పంపినవాళ్ల ఫోన్ నంబరు. కార్బన్ పెట్టి రెండు కాపీలు. కింద తెలుగులో పెద్దక్షరాలతో ఒక వాక్యం: ఈ కాగితం ఆసుపత్రిలో ముందుగా డాక్టరుకి ఇవ్వండి. లేకపోతే బంధువులు దాన్ని ఆధార్ కార్డుతో పాటు ప్లాస్టిక్ సంచి అడుగున పెట్టేస్తారు.

ఇంత చిన్న పనికి కమిటీ ఎందుకంటారేమో. మీరొక్కరే జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్‌ఓ) ఆఫీసుకి వెళితే అది ప్రైవేటు డాక్టరమ్మ పీహెచ్‌సీ మీద చేసిన కంప్లైంటు. అదే మాట సంఘం లెటర్‌హెడ్ మీద వెళితే ప్రతిపాదన. పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్లు ఇద్దరు, ఒక ఏఎన్‌ఎం, 108 టెక్నీషియన్ ఒకరు, మీలాంటి నర్సింగ్ హోము వాళ్లు ముగ్గురు ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుంటే చీటీ తయారవుతుంది. 108 వాళ్లని మర్చిపోవద్దు. ఆ చీటీ ప్రయాణం చేసేది వాళ్ల బండిలోనే, ఎక్కడ పారేస్తారో వాళ్లకే తెలుసు.

ఒక అడ్డం వస్తుంది, ఇప్పుడే చెబుతున్నా. "రాసిస్తే రేపు కోర్టులో మమ్మల్నే ఇరికిస్తారు" అంటారు చిన్న ఊళ్ల డాక్టర్లు. ఆ భయం 1995 నుంచి ఉంది. డాక్టర్లని వినియోగదారుల చట్టం కిందకి తేవద్దని సుప్రీంకోర్టుకి వెళ్లింది ఐఎంఏనే, ఓడిపోయింది కూడా ఐఎంఏనే. ఆ తీర్పు పేరులోనే మన సంఘం ఉంది, ఇండియన్ మెడికల్ అసోసియేషన్ వర్సెస్ వి.పి. శాంత అని. అప్పటి నుంచి కాగితం అంటే మనవాళ్లకి పామును చూసినట్టు. కానీ వాళ్లకి నిదానంగా చెప్పండి: సమయానికి బీపీ చూశాను, ఈ డోసు ఇచ్చాను, ఇన్ని గంటలకి పంపాను అన్న కాగితం ఉన్న డాక్టరుకే రేపు చెప్పుకోవడానికి నోరుంటుంది. రికార్డు లేని కేసులో ఎంత బాగా చేసినా చెయ్యనట్టే లెక్క. ఈ మాట మీరు చెబితే వినకపోవచ్చు. ఒక సీఎంఈ పెట్టి వకీలు చేత చెప్పించండి, ఆ పూటకి క్రెడిట్ గంటలు వస్తాయంటే హాలు నిండుతుంది.

మన జిల్లాకి ఇదేం కొత్త కాదు లెండి. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు దెబ్బతినే జబ్బు ఫ్లోరోసిస్. మన దేశంలో అది మొదట బయటపడింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో. కనిగిరి, పొదిలి అప్పుడు మన జిల్లాలోనివే. ఒక్క ఊళ్లో ఒక్క నడుం వంగిన మనిషిని చూస్తే అది ఆయన ఖర్మ. పది ఊళ్ల మనుషుల్ని ఒకచోట రాసుకుని చూస్తేనే నీళ్ల మీదకి అనుమానం పోయేది. మీ చీటీల రెండో కాపీలు ఏడాది పాటు ఒక అట్టపెట్టెలో వేసి చూడండి. ఏ వైపు నుంచి ఎంత ఆలస్యంగా వస్తున్నారో మీకే కనపడుతుంది.

మీ ఆయన భయం గురించి. అది ఉత్త భయం కాదు. మత్తు డాక్టరు నాలుగు ఆసుపత్రులు తిరిగితేనే ఇల్లు గడుస్తుంది, ఆ నాలుగూ ఒకే వర్గంలో ఉండవు. వర్గాలు లేని సంఘం నేను చూడలేదు. నాలుగు స్టెతస్కోపులు ఒకచోట చేరితే రెండు గ్రూపులు. నేను ఒక ఎన్నికలో ఒకాయన ప్యానెల్ వైపు బాహాటంగా నిలబడ్డా. ఆయన ఓడిపోయాడు. తర్వాత ఏడాదిన్నర పాటు నేను సిజేరియన్‌కి పిలిస్తే గెలిచినవాళ్ల వైపు మత్తు డాక్టర్లకి ఒక్క రోజూ తీరిక దొరకలేదు. కాబట్టి మొదటి రెండేళ్లు ప్యానెల్లో మీ పేరు వేసుకుంటామంటే "ఇప్పుడే కాదు సార్" అనండి. ఓటు వెయ్యండి, ఎవరికి వేశారో మీ ఆయనకి కూడా చెప్పొద్దు. రాత్రి పది దాటాక వాట్సాప్ గ్రూపులో జరిగే యుద్ధాలకి బొటనవేలు బొమ్మ కూడా పెట్టొద్దు. చీటీ పనిలో మాత్రం రెండు వైపుల నుంచీ ఒక్కొక్కరిని పిలవండి. ఫిట్స్ కేసుకి వర్గం ఉండదు కదా, అక్కడ ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటారు.

చేతి డబ్బు పెట్టొద్దు. కోశాధికారిగా ఉన్న ఏడాది ఒక శిబిరానికి షామియానా, భోజనాల బిల్లు ముందు నన్ను కట్టేయమన్నారు, వచ్చే మీటింగులో పాస్ చేయిస్తామన్నారు. ఆ వచ్చే మీటింగు ఇంకా రాలేదు.

ఇంత తలనొప్పి ఉన్నాక వెళ్ళడం ఎందుకంటారా? 2011లో ఒక రాత్రి తెలిసిన సర్జన్ ఆసుపత్రి మీద పడి అద్దాలు పగలగొట్టారు. పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు రాసుకునే ఆయన ఇద్దరూ రాజీ పడండి అంటున్నాడు. మా లీగల్ కమిటీలో ఒక పెద్దాయన ఉండేవాడు, ఎప్పుడూ మాట్లాడేవాడు కాదు. పంచెకట్టుతోనే స్కూటరు మీద వచ్చి, ప్లాస్టిక్ కవర్లోంచి ఒక జిరాక్సు తీసి టేబుల్ మీద పెట్టాడు. మడతల దగ్గర చిరిగి సెల్లోటేపు వేసి ఉంది. ఆసుపత్రుల మీద దాడులకి సంబంధించిన మన రాష్ట్ర చట్టం, 2008లో 11వ నంబరు: మూడేళ్ల దాకా జైలు, 50 వేల దాకా జరిమానా, బెయిలు లేని నేరం, పగలగొట్టిన సామానుకి రెట్టింపు వెల. ఆయన వేలితో గీత చూపించాడు, రాసుకునే ఆయన రెండుసార్లు చదివి కొత్త కాగితం తీశాడు. ఆ జిరాక్సుని మూడేళ్లుగా స్కూటరు డిక్కీలో పెట్టుకుని తిరుగుతున్నాడట. అలాంటి మనిషి ఒకరు ఉండటం కోసం నేను ఎన్ని పనికిరాని మీటింగులైనా భరిస్తా.

స్టేజీ ఎక్కితే నోరు పెగలదన్నారు. మంచిదే. మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు, మినిట్స్, అంటే సభలో ఏం తేల్చారో, రాసేవాళ్లే దొరకరు. మీరు రాస్తానని అడిగి తీసుకోండి. మా పాత పుస్తకంలో "రిఫరల్ సమస్యపై సుదీర్ఘంగా చర్చించడమైనది. అనంతరం తేనీటి విందుతో సభ ముగిసినది" అని ఉండేది, మూడు నెలలు వరసగా అదే వాక్యం, తేదీ మాత్రం మారేది. మీరు అట్టా రాయకండి. "చీటీ నమూనా 10వ తేదీలోగా ఫలానావారు తయారు చేయాలి, ప్రింటు ఖర్చు 2,000 రూపాయలకి సభ ఒప్పుకుంది" అని రాసి ఆ రాత్రే గ్రూపులో పెట్టండి. పేరూ తేదీ కనపడితే మనిషి కదులుతాడు. నోరు తెరవకుండానే మీ పని మీరు చేయించుకున్నట్టు.

సెక్రటరీ గారికి ఇవాళే మెసేజ్ పెట్టండి, ఫోన్ చేస్తే మొహమాటంతో అన్నిటికీ సరే అంటారు. "నమస్తే సార్. సైంటిఫిక్ కమిటీలో ఒక ఏడాది సభ్యురాలిగా చేస్తాను. కన్వీనరుగా వద్దండి. కాన్పు కేసుల రిఫరల్ చీటీ పని, మినిట్స్ రాసే పని నాకు ఇవ్వండి. నెలకి ఒక మీటింగుకి వస్తాను, కాన్పు ఉంటే రాలేను." ఇంతే. సారీలు, ఎమోజీలు అక్కర్లేదు. ఈ షరతులకి ఆయన ఒప్పుకోకపోతే వాళ్లకి కావలసింది మీ పని కాదు, లిస్టులో ఒక ఆడపేరు. అప్పుడు హాయిగా మానేయండి.

మీ అత్తగారికి ఆ మెసేజ్ చదివి వినిపించండి. నెలకి ఆ ఒక్క రాత్రి పాపని పడుకోబెట్టాల్సింది ఆమే కాబట్టి ముందే మంచి చేసుకోవాలి. ఇంకోటి: మీటింగు ఎనిమిదిన్నరకి అని వేస్తారు, తొమ్మిదిన్నర దాటితే గానీ కోరం రాదు, భోజనం పదకొండుకి. ఇంట్లో ఇంత పెరుగన్నం తినేసి వెళ్ళండి.